షిమోనడ: సముద్రం ఎదుట సిబ్బంది లేని స్టేషన్

[దృశ్యం: ఖాళీ ప్లాట్‌ఫారం. చిన్న కప్పు కింద బెంచీ. ఎదురుగా సముద్రం. అలల చప్పుడు మాత్రమే.]

వ్యాఖ్యానం:
జపాన్‌లోని నాలుగు ప్రధాన దీవులలో అతి చిన్నదైన షికోకుకు పడమటి తీరాన, ఎహిమె రాష్ట్రంలోని ఇయో నగర పరిధిలో షిమోనడ అనే స్టేషన్ ఉంది. ఉన్నది ఒకే ప్లాట్‌ఫారం, దాని పక్కన పాత చెక్క భవనం. టికెట్ ఇచ్చేవారు గానీ, జెండా ఊపేవారు గానీ, స్టేషన్ మాస్టరు గానీ ఇక్కడ ఉండరు. ఇటువంటి స్టేషన్‌ను జపనీయులు ‘ముజిన్ ఎకి’ అంటారు. మనిషి లేని స్టేషన్ అని దాని అర్థం. 2020 మార్చి నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ దేశంలోని 9,465 స్టేషన్లలో 4,564 ఈ కోవకు చెందినవే.

[దృశ్యం: పటంలో తీరం వెంట ఒక గీత, కొండల గుండా మరొక గీత.]

వ్యాఖ్యానం:
1935 జూన్ 9న ఈ స్టేషన్ ప్రారంభమైనప్పుడు రైలు మార్గం ఇక్కడితో ఆగిపోయేది. మరి నాలుగు నెలలకు, అక్టోబరులో, అది తీరంలోనే ఉన్న ఇయో నగహమ అనే ఊరి వరకు సాగింది. ఆ తరువాత యాభై ఏళ్ల పాటు ఎహిమె రాజధాని మత్సుయమ నుంచి నైరుతికి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఈ తీరం వెంటే పరుగెత్తాయి. అయితే వంపులు ఎక్కువగా ఉండి, కొండచరియలు విరిగిపడే ముప్పు కూడా ఉన్న ఈ దారికి బదులుగా, ఆరు కిలోమీటర్ల సొరంగంతో సహా కొండల గుండా ఉచికో పట్టణం మీదుగా వేసిన దగ్గరి దారి 1986 మార్చిలో తెరుచుకుంది. ఎక్స్‌ప్రెస్‌లు అటు మళ్లాయి. షిమోనడకు మిగిలినవి స్థానిక రైళ్లే. తరచు అవి ఒకే పెట్టె ఉండే డీజిల్ బళ్లు.

స్టేషన్‌కు ప్రాణం పోతున్నట్టు కనిపించిన ఆ 1986లోనే ఊరివారు ప్లాట్‌ఫారాన్ని వేదికగా చేసి, సాయంసంధ్య వేళ సంగీత కచేరీ మొదలుపెట్టారు. రైల్వే వదులుకున్న చోటును ఊరు అక్కున చేర్చుకున్న ఈ సంగతి, ఇక్కడి అందం కన్నా గొప్పదని నా అభిప్రాయం.

[దృశ్యం: ఒంటి పెట్టె రైలు ఆగుతుంది. వెనుక తలుపు తెరుచుకుంటుంది.]

వ్యాఖ్యానం:
మరి స్టేషన్‌లో ఎవరూ లేకపోతే ఛార్జీ వసూలు చేసేదెవరు? మన హాల్ట్ స్టేషన్లలో కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు ఉంటారు; ఇక్కడ ఆ పని రైలులోనే జరుగుతుంది. ప్రయాణికుడు వెనుక తలుపు నుంచి ఎక్కి, అక్కడున్న యంత్రం నుంచి అంకె ముద్రించిన చిన్న చీటీ తీసుకుంటాడు. దానిని ‘సెయిరికెన్’ అంటారు. డ్రైవరు తలపైన ఉన్న పలకలో ఏ అంకె చీటీకి ఎంత ఛార్జీయో కనిపిస్తూ, స్టేషన్లు దాటే కొద్దీ మారుతూ ఉంటుంది. దిగవలసిన చోట ముందు తలుపు దగ్గరకు వచ్చి, చీటీని, సరిపడా డబ్బును డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేయాలి. చిల్లర లేకపోతే ఆ పెట్టెకే ఉన్న యంత్రంలో ముందుగా మార్చుకోవాలి. రైలు నడపడం, తలుపులు తెరవడం, ఛార్జీ చూడడం అన్నీ ఒక్క మనిషే చేస్తాడు కనుక దీనికి ‘వన్‌మన్’ రైలు అని పేరు. స్టేషన్ సిబ్బంది చేసే పని మాయం కాలేదు, డ్రైవరు మీదికి, ప్రయాణికుడి మీదికి మళ్లింది.

అయితే అందరూ ఆ భారాన్ని మోయలేరు. చక్రాల కుర్చీలో ప్రయాణించేవారికి రైలుకు, ప్లాట్‌ఫారానికి మధ్య పలక వేసేవారు కావాలి. చూపు లేనివారికి తోడు కావాలి. మనిషి లేని స్టేషన్‌లో ఈ సాయం కోసం ముందుగానే చెప్పుకోవలసి రావడం తమ స్వేచ్ఛకు భంగమని క్యూషూ దీవిలోని ఒయిటాలో వికలాంగులు 2020లో న్యాయస్థానానికి వెళ్లారు. 2022లో ప్రభుత్వం ఇటువంటి స్టేషన్ల కోసం మార్గదర్శకాలు వెలువరించింది. స్టేషన్ల నుంచి మనుషులను తీసివేయడాన్ని కేవలం ఖర్చు లెక్కగా చూడడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

[దృశ్యం: సూర్యాస్తమయం. ప్లాట్‌ఫారం మీద జనం.]

వ్యాఖ్యానం:
1998 నుంచి 2000 వరకు వరుసగా మూడేళ్లు, స్థానిక రైళ్లలో ఎంత దూరమైనా తిరిగే వీలు కల్పించే ‘సెయిషున్ 18’ టికెట్ ప్రకటనల మీద షిమోనడ చిత్రం కనిపించింది. దానితో దేశమంతటా పేరు పాకింది. ఒకప్పుడు ప్లాట్‌ఫారం కిందికే తాకిన కెరటాలను తీరం పూడ్చి వేసిన రహదారి కొంత దూరం నెట్టింది గానీ, బెంచీ మీద కూర్చుంటే నేటికీ కళ్లెదుట నిలిచేది సముద్రమే. 2014లో మొదలైన ‘ఇయోనడ మొనొగతారి’ అనే విహార రైలు కూడా ప్రయాణికులు దిగి చూసేందుకు ఇక్కడ కొద్దిసేపు ఆగుతుంది.

మీరు వెళ్లదలిస్తే మత్సుయమలో రైలు ఎక్కే ముందు అది ఉచికో మీదుగా కాక ఇయో నగహమ మీదుగా వెళ్లేదేనని చూసుకోండి. ప్రయాణం సుమారు గంట. తిరుగు రైలు వేళను కూడా రాసి పెట్టుకోండి, ఎందుకంటే కొన్ని వేళల్లో ఒక రైలుకు, మరొక రైలుకు మధ్య రెండు గంటలకు పైగా ఎడం ఉంటుంది. సూర్యుడు మునగగానే కార్లలో వచ్చినవారు వెళ్లిపోతారు. అప్పుడు ప్లాట్‌ఫారం మీద మిగిలేది రైలు కోసం ఎదురుచూసేవారే.

[దృశ్యం: చీకట్లో రైలు దీపం దగ్గరవుతుంది.]