ముసలి గుర్రానికి వచ్చింది వయసా, జబ్బా?

సభకు నమస్కారం. గుర్రాల యజమానులు, వాటిని రోజూ కడిగి మేపే సాయీసులు, పశువైద్య విద్యార్థులు అందరూ ఉన్న సభ కనుక, వైద్యం మాటలతోపాటు కొట్టంలో పనికొచ్చే మాటలు కూడా చెబుతాను.

తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. ఆవు ఒక పూట పాలు తగ్గిస్తే మనం వైద్యుడి కోసం పరుగెత్తుతాం. అదే పద్దెనిమిదేళ్ళ పెళ్ళి గుర్రం వెన్ను కుంగి, పొట్ట జారి, మే నెల ఎండలో ఒంటి నిండా బొచ్చుతో నిలబడి ఉంటే, "వయసు మీద పడింది లెండి" అని సరిపెట్టుకుంటాం. ఆ స్థితికి కారణం చాలాసార్లు ఒక హార్మోను జబ్బు. దానికి మందు కూడా ఉంది. విదేశాల్లో జరిగిన పరిశీలనలను బట్టి పదిహేనేళ్ళు దాటిన గుర్రాలలో దాదాపు ఐదింట ఒకదానికి ఈ జబ్బు ఉంటుంది. పదేళ్ళ లోపు గుర్రాలలో అరుదు.

దీన్ని వాడుకలో కుషింగ్ వ్యాధి అంటారు. మనుషులలో ఈ కోవకు చెందిన జబ్బును 1932లో వివరించిన అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పేరు గుర్రాలకూ అంటుకుంది గాని, గుర్రంలో జరిగేది వేరు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి మధ్య భాగాన్ని మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి వచ్చే నాడులు డోపమైన్ అనే రసాయనంతో పగ్గం వేసి పట్టుకున్నట్టు అదుపులో ఉంచుతాయి. వయసుతోపాటు ఆ నాడులు క్షీణిస్తే పగ్గం వదులై, గ్రంథి మధ్య భాగం పెరిగి, ఏసీటీహెచ్‌తోపాటు మరికొన్ని హార్మోన్లను అవసరానికి మించి వదులుతుంది. అందుకే ఈ జబ్బుకు పీపీఐడీ, అంటే పీయూష గ్రంథి మధ్య భాగం పనితీరు చెడటం అనే పేరు సరైనది. చాలా గుర్రాలలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మాత్రం మామూలుగానే ఉంటుంది కనుక, దాన్ని ఒకసారి కొలిచి "జబ్బు లేదు" అనడం సరికాదు.

అందరికీ తెలిసిన గుర్తు రాలని బొచ్చు. పుస్తకాలలోని బొమ్మల్లో అది గొర్రె ఉన్నిలా ఉంగరాలు తిరిగి కనిపిస్తుంది. కాని ఆ పుస్తకాలు చలిదేశాలవి. అక్కడ ఎండాకాలపు పగటికి, చలికాలపు పగటికి తొమ్మిది గంటల తేడా ఉండే చోట్లున్నాయి. తిరుపతిలో ఆ తేడా గంటన్నరకు కాస్త అటూ ఇటూ. పగటి నిడివిని బట్టి బొచ్చు మార్చుకునే జంతువు మన దగ్గర అంత దట్టంగా పెంచుకోకపోవచ్చు కాబట్టి, ఆ బొమ్మ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుందని నా అభిప్రాయం. దవడ కింద, గొంతు వెంట, కాళ్ళ వెనుక పొడుగు వెంట్రుకలు మిగిలిపోవడం, తోటి గుర్రాలకు రాలిన నెలలు గడిచాక దీనికి రాలడం, ఇవి తొలి జాడలు. సాయీసు మాలీషు చేసేటప్పుడు వెన్నుపూస మీదుగా అరచేయి జార్చి చూడాలి. రెండు పక్కలా కండ కరిగి ఎముక చేతికి తగులుతుంటే, కింద పొట్ట మాత్రం నిండుగా కనిపిస్తుంటే, అది దాణా తక్కువై కాకపోవచ్చు. కంటి పైగుంటలో కొవ్వు ఉబ్బడం, నీళ్ళు ఎక్కువ తాగి ఎక్కువగా మూత్రం పోయడం, పుండ్లు త్వరగా మానకపోవడం, నులిపురుగులు పదేపదే పట్టడం కూడా చూస్తాం.

అన్నిటికన్నా భయపడవలసింది గిట్టల గురించి. ఈ జబ్బున్న గుర్రాలలో కొన్నింటికి రక్తంలో ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, దానివల్ల లామినైటిస్, అంటే గిట్ట పెంకును లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు దెబ్బతినే స్థితి వస్తుంది. ముందు కాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడటం, గట్టి నేల మీద మలుపు తిరగడానికి జంకడం, గిట్ట వేడెక్కడం, గిట్టకు పైన నాడి గట్టిగా కొట్టుకోవడం దాని లక్షణాలు. లాడం సరిగ్గా కుదరలేదని లాడాలు కొట్టేవాణ్ణి తిట్టడంతో వారం గడిచిపోతే, ఆ వారంలోనే లోపలి ఎముక కిందికి తిరిగిపోవచ్చు.

ఇక్కడ మన వైపు సంగతి ఒకటి చెప్పాలి. చిత్తూరు బెల్లానికి పేరున్న ప్రాంతం. గుర్రం కనిపిస్తే చాలు, భక్తితోనో ముద్దుతోనో బెల్లం అచ్చు, అరటిపండు నోట్లో పెడతాం. ఇన్సులిన్ పెరిగిన గుర్రానికి అది ప్రేమ పేరుతో చేసే హాని. బెల్లం, చెరకు ఆకు, మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపిన దాణా, తవుడు మానేసి, ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి పెడితే చక్కెర కొంత తగ్గుతుంది. ఉలవ గుగ్గిళ్ళు కూడా ఎంత పెట్టాలో వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి. చిక్కిపోయిన ముసలి గుర్రాన్ని పస్తు పెట్టమని మాత్రం నేను చెప్పడం లేదు.

నిర్ధారణకు రక్తంలో ఏసీటీహెచ్ కొలుస్తారు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ మందున్న గొట్టంలో తీసుకొని, వెంటనే చల్లగా ఉంచి, ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం వేరుచేసి పంపాలి. మన ఎండలో బండి డాష్‌బోర్డు మీద పెట్టిన నమూనా చెప్పే అంకెను నమ్మలేం. శరత్తులో ఆరోగ్యమైన గుర్రాలకూ ఈ హార్మోను పెరుగుతుంది కనుక నెలను బట్టి ఫలితాన్ని చదవాలి. చలిదేశాల కొలతలను మన గుర్రాలకు యథాతథంగా వర్తింపజేయడంలో జాగ్రత్త అవసరం. అనుమానం మిగిలితే టీఆర్‌హెచ్ అనే హార్మోను ఇచ్చి పది నిమిషాల తర్వాత మళ్ళీ కొలిచే పరీక్ష ఉంది. ఇన్సులిన్‌ను కూడా తప్పక చూడాలి.

మందు పెర్గోలైడ్. మనుషులకు పార్కిన్సన్ జబ్బులో వాడిన ఈ మందును గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని 2007లో అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. గుర్రాలకు అక్కడ 2011లో అనుమతి లభించింది. కిలో బరువుకు 2 మైక్రోగ్రాముల చొప్పున రోజుకొకసారి మొదలుపెడతారు, అంటే 500 కిలోల గుర్రానికి 1 మిల్లీగ్రాము. జబ్బు నయం కాదు, అదుపులో ఉంటుంది. అందుకని మందు జీవితాంతం వాడాలి. ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్ళీ రక్తం చూసి మోతాదు సరిచేస్తారు. బొచ్చు, కండ కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా బొచ్చు కత్తిరించి, గిట్టలు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి చెక్కించి, పళ్ళు చూపిస్తూ ఉండాలి. మొదటి రోజుల్లో కొన్ని గుర్రాలు మేత మానేస్తాయి. అప్పుడు భయపడి మందు పూర్తిగా ఆపేయకుండా, వైద్యుడికి చెప్పి సగానికి తగ్గించి, తిండి మొదలయ్యాక మెల్లగా పెంచాలి. మాత్రను పొడి చేయకూడదు. ఇంట్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉంటే చేతి తొడుగు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.