ఎక్కడున్నాడు సరే, ఎటు చూస్తున్నాడు?

అందరికీ నమస్కారం. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం వాళ్లు గదుల చుట్టూ తీగ బిగించి, రేడియో ద్వారా వ్యాఖ్యానం వినిపించారు. రిసీవర్ పట్టుకున్న వాళ్లందరికీ ఒకేసారి ఒకే మాట వినిపించేది. టేపు ముందుకు సాగితే జనమూ సాగాల్సిందే! మ్యూజియంలో సందర్శకుడి ఫోనులోనే వ్యాఖ్యానం వినిపించే ఆడియో గైడ్ నుంచి ఇప్పుడు మనం కోరుతున్నది దానికి తలకిందులు. మనిషి నిలిచిన చోట మాట నిలవాలి.

అందుకు మనిషి ఎక్కడున్నాడో తెలియాలి. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే జీపీఎస్ సంకేతం గోడలు, కప్పులు దాటేసరికి నీరసించిపోతుంది. కనుక లోపలే చిన్న చిన్న బ్లూటూత్ బీకన్లు అమరుస్తారు. 2013లో ఆపిల్ కంపెనీ, బీకన్ల సంకేతాన్ని ఫోన్లు గుర్తుపట్టే ఐబీకన్ పద్ధతిని ప్రకటించాక వీటి వాడకం ఊపందుకుంది. బీకన్ చేసే పని తన గుర్తింపు సంఖ్యను పదేపదే ప్రసారం చేయడమే. ఆ సంకేతం ఎంత బలంగా అందుతోందో చూసి ఫోను దూరాన్ని అంచనా వేస్తుంది.

చిక్కంతా ఆ అంచనాలోనే ఉంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంట్లోని నీరు పీల్చేసుకుంటుంది. మ్యూజియం మూసి ఉన్న రోజు ఖాళీ హాల్లో కొలిచి పెట్టుకున్న లెక్క ఆదివారం రద్దీలో తప్పుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళ సంగీత గడియారం ముందు ఎంత జనం చేరతారో మీకు తెలుసు. అక్కడ బీకన్ పెడితే, వెనక వరుసలోని ఫోనుకు అది ఎక్కడో దూరాన ఉన్నట్టే తోస్తుంది.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే మరో రేడియో పద్ధతి ఉంది కదా అంటారు. నిజమే, అది సంకేతం ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది కాబట్టి పదుల సెంటీమీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. కానీ ఆ చిప్ చాలా ఫోన్లలో లేదు. ఉన్నా, అదే మ్యూజియంలోని జంట కొయ్య విగ్రహం దగ్గర ఏం చేస్తుంది? ఒకే దుంగలో ముందువైపు గోథే నాటకం ‘ఫౌస్ట్’లోని సైతాను మెఫిస్టోఫెలిస్, వెనకవైపు అదే నాటకంలోని యువతి, తల వంచిన మార్గరెట్టా. ఆమె కనిపించేది వెనకనున్న అద్దంలో. ఎదుట నిలబడ్డ మనిషి చూస్తున్నది అతన్నా, ఆమెనా? ఫోనులోని దిక్సూచి కూడా చెప్పలేదు. పైగా దగ్గర్లో ఇనుప దూలం ఉంటే అదే తడబడుతుంది.

నన్నడిగితే, ఏ గదిలో ఉన్నారో చెప్పగలిగితే చాలామందికి సరిపోతుంది. ఆ గదిలోని వస్తువుల బొమ్మలు తెరమీద చూపి, ఎంపిక సందర్శకుడికే వదిలేద్దాం. చూపు లేనివారి సంగతి వేరు. వారికి ప్రతి మీటరూ ముఖ్యమే, ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

ఇంకొక్క మాట. బీకన్లలో ఎక్కువ భాగం బ్యాటరీతో నడిచేవే. అవి అయిపోతే ఎవరు మార్చాలో టెండరులోనే రాయించండి.