అవ్వ ఇచ్చిన రొట్టె

శ్రోతలకు నమస్కారం. పిల్లల మిస్టరీ కథను ఎవరి నోట చెప్పించాలో ఇవాళ చూద్దాం. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండగ మీకు తెలిసిందే. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె.

పదో తరగతి పిల్ల ఒకతె అవ్వతో చెరువులో దిగిందనుకోండి. వాళ్లది అద్దె ఇల్లు. అవ్వ ఇంటి రొట్టె తీసుకుంటుందనుకుంటే, ఇచ్చింది! అంటే ఇల్లు ఎక్కడో ఉంది. ఎక్కడ?

పిల్లలు చదివే మిస్టరీకి ఇంత చాలు. ఇక ఎవరు చెప్పాలన్నదే చిక్కు. అన్నీ తెలిసిన రచయిత చెబితే అవ్వ మనసులోకి కూడా వెళ్లగలడు. వెళ్లగలిగీ ఆ ఒక్క విషయం దాచాడంటే చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథలు 60 ఉంటే, హోమ్స్ తానే మొదలుపెట్టి చెప్పుకున్నవి రెండే. రెండూ 1926లో వచ్చాయి. పాపం, తను కనిపెట్టింది మన దగ్గర దాచడానికి ఆయన నానా తిప్పలూ పడ్డాడు. మిగతా కథల్లో చాలావాటిని చెప్పే ఆయన స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌కు ఆ బాధ లేదు. ఆయనకే తెలీదు కదా!

అందుకే నేనైతే ఆ పిల్ల చేతే చెప్పిస్తాను. ‘నేను’ అని చెప్పడాన్ని కొందరు ప్రథమ పురుష అంటుంటారు. మన వ్యాకరణంలో అది ఉత్తమ పురుష. ప్రథమ పురుష అంటే వాడు, ఆమె. సరే, పేరేదైనా, ఆ పిల్ల హెడ్‌మాస్టర్‌లా మాట్లాడకూడదు. ‘నా హృదయం సందేహాలతో నిండిపోయింది’ అని రాశారా, పిల్ల మాయమై రచయిత కనబడతాడు. ‘ఏందవ్వా, మనకి ఇల్లేది?’ అంటే చాలు.

ఇంకొకటి, ఇది తెలుగులో రాసేవాళ్లకు దొరికిన వరం. మనకు ‘మన’ వేరు, ‘మా’ వేరు. వింటున్న మనిషిని కలుపుకుంటే మన, పక్కన పెడితే మా. ఆత్మకూరు బస్టాండులో కూర్చుని అవ్వ మనవరాలితో అంటుంది: ‘మా ఇంట్లో జామచెట్టు కాపుకొచ్చిందే.’

చదివేవాళ్లు అక్కడ ఆగుతారు. ఆ పిల్ల మాత్రం ఆగదు. బస్సు వచ్చింది, సీటు కోసం పరిగెత్తింది.