"అది పడిపోవాల్సిందే": సేలం కోర్టు మూతపడిన తీరు

అందరికీ నమస్కారం. మీలో బోస్టన్ వైపు పిల్లలున్నవాళ్లు సేలం చూసే ఉంటారు. కోసు టోపీలు, చీపుర్లు, మంత్రగత్తె బొమ్మల టీషర్టులు... అక్టోబరులో అయితే ఊరంతా తిరనాళ్లే. 1692లో ఆ ఊళ్లో చేతబడి నేరం కింద 19 మందిని ఉరి తీశారు. విచారణకు ఒప్పుకోనన్న గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండరాళ్లు పేర్చి చంపారు. ఇదంతా ఎలా మొదలైందో చాలామంది చెబుతారు. ఎలా ఆగిందో చెబుదామని నేనొచ్చాను.

ఆ కోర్టులో బాగా చెల్లిన సాక్ష్యం ఏమిటో తెలుసా? "ఆవిడ ఆకారం రాత్రి నా గదిలోకొచ్చి పీక నులిమింది." ఆ టైముకి ఆవిడ తన ఇంట్లో నిద్రపోతున్నా సరే! ఒళ్లు మంచం మీదుంటే ఆకారం తిరగదా ఏం, అనేవాళ్లు. దీనికి ఏ ప్లీడరు మాత్రం ఏం జవాబు చెబుతాడు? అసలు ముద్దాయిలకు ప్లీడర్లే లేరనుకోండి.

అక్టోబరు మొదట్లో ఇంక్రీజ్ మాథర్ అనే పేరున్న పాస్టరు ఒక మెలిక పెట్టాడు. సైతాను అమాయకుల రూపం కూడా ఎత్తగలడు కదా, మరి కనబడింది ఎవరని చెబుతారు? అనుమానితులు పదిమంది తప్పించుకున్నా ఫర్వాలేదు గానీ నిరపరాధి ఒక్కరు బలికాకూడదన్నాడు. ఆయనేమీ హేతువాది కాదండీ. సైతానును నమ్ముతూనే ఆ సాక్ష్యం నడుం విరగ్గొట్టాడు.

ఇక గవర్నర్ విలియం ఫిప్స్. మే నెలలో ఆ కోర్టు వేసింది ఆయనే. ఆరోపణలు పెద్దిళ్లకు పాకి, చివరికి ఆయన భార్య పేరు కూడా బయటికొచ్చింది. కళ్లు తెరుచుకున్నది అప్పుడేనా అంటే నేను కాదనలేను. అక్టోబరు 29న కౌన్సిల్లో ఒకాయన కోర్టు కూర్చోవాలా వద్దా అని అడిగితే, అది పడిపోవాల్సిందే అన్నాడు ఫిప్స్. ఈ మాట డైరీలో రాసుకున్నది ఆ కోర్టు జడ్జీల్లో ఒకడైన శామ్యూల్ సీవాల్. ఐదేళ్లకు ఇదే సీవాల్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, తన క్షమాపణ చీటీ పాస్టరు చేత చదివించుకున్నాడు.

1693 జనవరిలో కొత్త కోర్టు వచ్చింది. ఆకారాల సాక్ష్యం చెల్లదన్నారు. అంతే, కేసులు వరసగా వీగిపోయాయి. ముగ్గురికే శిక్ష పడింది. ఆ ముగ్గురితోపాటు పాత కేసుల్లో ఇంకో ఐదుగురికీ చీఫ్ జడ్జి స్టౌటన్ ఉరి వారంటు రాస్తే ఫిప్స్ ఆపేశాడు. స్టౌటన్ మండిపడి బెంచి దిగి వెళ్లిపోయాడు. మే నెలలో మిగిలినవాళ్లనూ వదిలేయమని ఫిప్స్ ఉత్తర్వు. వదిలేయడమంటే ఊరికే కాదు, జైలు ఖర్చులు కట్టినవాళ్లకే తలుపు తీశారు.

సారా గుడ్‌ను అప్పటికే, 1692 జులైలో, ఉరి తీశారు. ఆమె కూతురు డొరొతీకి నాలుగైదేళ్లు. ఆ పసిదాన్ని కూడా మంత్రగత్తెవన్నారు, ఏడెనిమిది నెలలు జైల్లో గొలుసులతో ఉంచారు. ఆ పిల్లకు మతి నిలవడం లేదు, సాకడం భారంగా ఉందని 1710లో తండ్రి అర్జీ పెట్టుకున్నాడు. విచారణలో భార్యకు వ్యతిరేకంగా నోరు విప్పింది ఈయనే. ప్రభుత్వం 30 పౌండ్లు మంజూరు చేసింది.