తడిసిన సరుకు ఎవరి ఖాతాలో?

వ్యాఖ్యాత: న్యాయ సలహాల కార్యక్రమానికి స్వాగతం. కర్నూలు న్యాయవాది మనతో ఉన్నారు. ఆదోని నుంచి తొలి ఫోను. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. ఒక పశువుల దాణా కంపెనీ ఏజెన్సీ తీసుకున్నాను. మొన్నటి గాలివానకు గోడౌన్ రేకులు లేచిపోయి బస్తాలు తడిశాయి, బూజు పట్టాయి. కంపెనీవాళ్లు మొత్తం డబ్బు కట్టమంటున్నారు. నేను ఏజెంటును, సరుకు వాళ్లది. నష్టం నాకెందుకు?

న్యాయవాది: ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. బస్తా ధర ఎవరు నిర్ణయిస్తారు?

శ్రోత: నేనే సార్. వాళ్ల రేటు మీద నా లాభం వేసుకుంటాను.

న్యాయవాది: రైతు బాకీ ఎగ్గొడితే?

శ్రోత: అది నా నెత్తినే. అమ్మినా అమ్మకపోయినా నెల తిరిగేసరికి కంపెనీకి కట్టాలి. మిగిలిన బస్తాలు వెనక్కి తీసుకోరు.

న్యాయవాది: ఏ బస్తా ఎంతకు అమ్మారో లెక్క అడుగుతారా?

శ్రోత: లేదు సార్. వాళ్ల బిల్లు డబ్బు వాళ్లకు చేరితే చాలు.

న్యాయవాది: మీకు కష్టంగా ఉంటుంది, అయినా ఉన్న మాట చెప్పాలి. మీరు ఆ సరుకు కొన్నట్టే కనిపిస్తోంది. మన ఊళ్లలో దుకాణాల బోర్డుల మీద 'ఏజెన్సీస్' అని ఉంటుంది, లోపల జరిగేది చాలావరకు కొని అమ్మడమే. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంటు మరొకరి తరఫున పనిచేస్తాడు. సరుకు అతని చేతిలో ఉన్నా యజమాని వేరు. వచ్చిన డబ్బులో తన కమీషన్, ఖర్చులు పట్టుకుని మిగతాది లెక్కతో అప్పగించాలి. రాజమండ్రి వాణిజ్య పన్నుల అధికారికీ ఒక కలప, వెదురు సంస్థకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపింది. కోర్టు తీర్పులు అచ్చువేసే 1968 ఏఐఆర్‌లో ఆ తీర్పు ఉంది. కాగితానికి ఏ పేరు పెట్టారన్నది కాదు, షరతులన్నీ కలిపి చూస్తారు.

శ్రోత: జీఎస్టీ బిల్లు కూడా నా పేరు మీదే ఉంది సార్.

న్యాయవాది: అదొక్కటే చూసి తేల్చలేం. ఏజెంటుకు పంపిన సరుకుకూ కొన్ని సందర్భాల్లో జీఎస్టీ పడుతుంది. అసలు చూడవలసింది యాజమాన్యం ఎప్పుడు మారిందన్నది. 1930 సరుకుల విక్రయ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యంతోపాటే నష్టభయమూ మారుతుంది. 'డబ్బు పూర్తిగా చెల్లించేదాకా సరుకు కంపెనీదే' అనే షరతు ఉందేమో, నష్టం ఎవరిదని రాశారో వెతకండి. బీమా ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఈ కాగితాలు నిదానంగా చదివించుకున్నాకే కంపెనీకి జవాబు రాయండి. తొందరపడి బాకీ ఒప్పుకుంటూ సంతకం మాత్రం పెట్టవద్దు.

వ్యాఖ్యాత: ఎమ్మిగనూరు నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, మేం నేసిన చీరలు కర్నూలులో ఒక దుకాణానికి ఇస్తాం. అమ్ముడుపోనివి తిరిగి ఇస్తామంటారు. నెలలు గడిచినా డబ్బూ లేదు, చీరలూ లేవు.

న్యాయవాది: గడువు రాసుకున్నారా అమ్మా?

శ్రోత: రెండు నెలలని చీటీ మీద రాశారు.

న్యాయవాది: చాలా మంచి పని చేశారు. నచ్చకపోతే వాపసు అనే షరతుతో ఇచ్చిన సరుకుకు ఇందాక చెప్పిన సరుకుల విక్రయ చట్టంలోనే 24వ సెక్షన్ ఉంది. గడువు దాటినా వద్దని చెప్పకుండా ఉంచుకుంటే, అంతకుముందే అమ్మేసినా, వాళ్లు కొన్నట్టే. ధర అడిగే హక్కు మీకుంది. వాళ్లు మీ ఏజెంట్లమని వాదించినా, అమ్మిన చీరల డబ్బుకు లెక్క చెప్పక తప్పదు. చీటీ జాగ్రత్త చేసి, ఎన్ని చీరలు, ఏ ధర, ఏ తేదీ అన్నవి రాసి రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.