కలెక్టరేట్‌లో ఆ గది

శ్రోతలకు నమస్కారం.

మీరెప్పుడైనా కలెక్టరేట్‌కి వెళ్లి ఉంటే, ఏదో ఒక మూల ఎన్ఐసీ అని బోర్డున్న గది చూసే ఉంటారు. పదో తరగతి రిజల్ట్స్ కోసం నెట్ సెంటర్ల ముందు క్యూ కట్టినవాళ్లకు ఆ పేరు ఇంకా బాగా గుర్తుండాలి. వెబ్‌సైట్ అడ్రసు చివర ఉండేది అదే. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అనే ఆ సంస్థకు మొదటి డైరెక్టర్ జనరల్ నరసింహయ్య శేషగిరి. కన్నడ దేశం మనిషి. పేరు చాలామంది విని ఉండరు.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో డాక్టరేట్ చేసి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేసినవాడు ఢిల్లీ ఫైళ్ల మధ్యకు వచ్చాడు. ఎన్ఐసీ పుట్టింది 1976లో. కంప్యూటరొస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు భయపడుతున్న కాలమది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో పోటీల ఫలితాలను ఎన్ఐసీ కంప్యూటర్ల మీద నడిపించింది. ఆ ఆటల ఏర్పాట్లు చూసినవాళ్లలో రాజీవ్ గాంధీ ఒకరు. ఆయన ప్రధాని అయ్యాక, 1984 నవంబరులోనే కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది, దిగుమతి సుంకాలు తగ్గాయి. ఆ విధానం వెనకా శేషగిరి చెయ్యి ఉంది.

నన్ను ఆశ్చర్యపరిచేది మాత్రం నిక్‌నెట్, అంటే జిల్లాల కంప్యూటర్లను ఢిల్లీతో కలిపిన ఎన్ఐసీ నెట్‌వర్కు. పక్క జిల్లాతో మాట్లాడాలన్నా ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చునే రోజుల్లో, టెలిఫోన్ తీగల్ని నమ్ముకుంటే పని జరగదని, ఉపగ్రహాన్ని నమ్ముకున్నారు. కలెక్టరేట్ డాబా మీద గొడుగు తిరగేసినట్టు ఒక యాంటెన్నా, కింద గదిలో కంప్యూటరు, దాని ముందు ఒక జిల్లా ఇన్ఫర్మాటిక్స్ అధికారి. అంతే సరంజామా. జిల్లా లెక్కలు ఢిల్లీకి అలా చేరేవి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995లో. ఈ గదులు అంతకు ముందే పనిచేస్తున్నాయి. కంప్యూటర్‌ని మంత్రిత్వ శాఖల మెట్ల దగ్గరే ఆపకుండా జిల్లా దాకా పంపడం, నా లెక్కలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ పెద్దది.

1998లో కేంద్రం వేసిన ఐటీ టాస్క్‌ఫోర్స్‌కు ఆయనే కన్వీనరు. అప్పటి మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని సహాధ్యక్షుల్లో ఒకరు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి.

2005లో శేషగిరికి పద్మభూషణ్ ఇచ్చారు. 2013లో ఆయన కన్నుమూశారు. కలెక్టరేట్‌లో ఆ గది బోర్డు మాత్రం ఇంకా ఉంది.