సౌనా గోడకు చెక్క బిగించే ముందు

(దృశ్యం: ఇంకా చెక్క వేయని చిన్న గది. వ్యాఖ్యాత గోడ పక్కన నిలబడి ఉంటారు.)

నమస్తే. ఇంట్లో సౌనా, అంటే వేడిలో కూర్చుని చెమట పట్టించుకునే చెక్క గది, కట్టించుకోవాలనుకునేవాళ్లు ముందు హీటర్ గురించే అడుగుతారు. నేను మాత్రం ఈ గోడ దగ్గర మొదలుపెడతాను. ఒకసారి చెక్క బిగించేస్తే లోపల ఏం చేశారో కనిపించదు. తప్పు జరిగితే కొన్నాళ్లకు బూజు వాసన వచ్చాకే తెలుస్తుంది.

(దగ్గరగా: గోడ పొరలు)

ముందు మినరల్ ఊల్, అంటే రాతి పీచుతో చేసిన దూదిలాంటి పొర. వేడిని గదిలోనే ఉంచేది ఇది. దాని మీద, గది వైపు, అల్యూమినియం ఫాయిల్. హీటర్ మీద ఉండే వేడి రాళ్లపై నీళ్లు పోసినప్పుడు లేచే ఆవిరిని గోడలోకి పోకుండా ఆపేది ఇదే. అతుకు ఉన్న ప్రతిచోటా ఫాయిల్ టేపు వేయించండి. సందు వదిలితే ఆవిరి లోపలికి దూరి చల్లబడి నీరవుతుంది. ఊల్ తడుస్తుంది, వెనక ఉన్న కలప కుళ్లుతుంది. ఫాయిల్ మీద సన్న బద్దలు కొట్టి, వాటి మీద చెక్క బిగించాలి. ఆ ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీలో గాలి ఆడితేనే చెక్క వెనక తడి ఆరుతుంది. తొందరలో ఈ బద్దలు మానేసే ప్రమాదం ఉంది, దగ్గరుండి చూసుకోండి.

ఇక హీటర్. ఘనపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్ అని లెక్క. 1.8 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2.4 ఎత్తు ఉన్న గదికి 8 కిలోవాట్లు. గాజు తలుపు పెడితే వేడి అటు పోతుంది కాబట్టి 9 దాకా వెళ్లాలి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 9 కిలోవాట్లంటే దాదాపు 39 ఆంపియర్లు. ఇంటి కనెక్షన్ అంత మోయగలదా అని ఎలక్ట్రీషియన్ చెప్పాకే హీటర్ కొనండి.

పై బెంచీ మీద కూర్చుంటే పాదాలు కూడా హీటర్ రాళ్ల కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే తల కాలిపోతుంటుంది, కాళ్లు చల్లగా ఉంటాయి. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ వద్దు.

(దృశ్యం: చన్నీళ్ల తొట్టి, పక్కన చిల్లర్)

ఇక సౌనా నుంచి వచ్చి దిగే చన్నీళ్ల తొట్టి, నీళ్లను చల్లబరిచే యంత్రం చిల్లర్. 400 లీటర్ల తొట్టిలో నీళ్లే 400 కిలోలు. మేడ మీద పెట్టాలంటే స్లాబు సంగతి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగండి. 28 డిగ్రీల నీళ్లను 12కి దించాలంటే సుమారు 7.5 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) వేడిని బయటికి తోడాలి. ఒక కిలోవాట్ చల్లబరిచే శక్తి ఉన్న చిల్లర్‌కి తక్కువలో తక్కువ ఏడున్నర గంటలు పడుతుంది. అందుకే తొట్టికి మూత, ఇన్సులేషన్ తప్పనిసరి. చిల్లర్ ఆ వేడిని బయటికి వదులుతుంది కాబట్టి దాన్ని అలమరలో బంధించొద్దు. తొట్టి కరెంటు లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. చన్నీళ్లలో దిగిన మొదటి నిమిషంలో మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ప్రాణానికే ముప్పు. దూకొద్దు, అంచు పట్టుకుని మెల్లగా దిగండి. ఒంటరిగా వద్దు, మందు తాగి అసలే వద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా సౌనాకైనా, తొట్టికైనా వెళ్లొద్దు.

(దృశ్యం: మళ్లీ ఫాయిల్ వేసిన గోడ)

చెక్క బిగించే రోజు, మొదటి పలక పెట్టకముందే, ఈ గోడలన్నీ ఫొటోలు తీయండి. వైర్లు, బద్దలు ఎక్కడున్నాయో తెలిసేలా కొలత టేపు పక్కన పెట్టి మరీ తీయండి. రేపు ఒక్క మేకు కొట్టాలన్నా ఆ ఫొటోలు చూసే కొట్టాలి.